రెండు గుండెల చేప
(మాస్టారి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ కళాశాలలో మాకు జంతుశాస్త్రం చెప్పిన మాస్టారి పేరు మీద జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు ఏ విషయం మీద మాట్లాడాలన్న ఆలోచన పెద్దగా అవసరం పడలేదు. జంతుశాస్త్రంలో ఆయనకు ప్రాణం పిండాభివృద్ధి పాఠం. మన ల్యాబులో కోడి పిండం స్లైడ్లు ఉండేవి. 24 గంటలది, 33 గంటలది, 48 గంటలది. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు పడిపోతాయి. మాస్టారు అంతటితో వదిలిపెట్టేవారు కారు. ఈ స్లైడుకీ ఆ స్లైడుకీ మధ్య ఆ తొమ్మిది గంటల్లో లోపల ఏం జరిగిందో చెప్పమనేవారు. అప్పట్లో మా దగ్గరా జవాబు లేదు, మా పుస్తకంలోనూ లేదు. ఆ తర్వాత జవాబు చాలావరకు దొరికింది. అందులో పెద్ద భాగం ఒక చిన్న చేప ఇచ్చింది. ఆ చేప పిండంలో గుండె ఎలా తయారవుతుంది, అందులో జన్యువుల పాత్ర ఏమిటి అన్నదే ఈనాటి నా ప్రసంగం.

చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. గుండెను తయారుచేసే జన్యువంటూ ఒకటి లేదు. ఏ జన్యువు ఏ కణంలో, ఏ గంటకు, ఎంత మోతాదులో, ఎప్పటిదాకా పనిచేసిందన్న దాన్ని బట్టి గుండె రూపం ఉంటుంది. పక్కనున్న కణాల్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయన్నదీ అంతే ముఖ్యం. గుండె కొట్టుకోవడం మొదలయ్యాక ఆ కొట్టుకోవడమే తిరిగి జన్యువుల మీద పనిచేస్తుంది. ఈ మూడు సంగతులనూ చేప పిండం ఒక్కొక్కటిగా చూపించింది.

జన్యువు వ్యక్తం కావడమంటే

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉండే డీఎన్‌ఏ ఒకటే. కంటి కణంలో ఉన్నదే కాలేయ కణంలోనూ ఉంటుంది. ఉగాదికి ఇంటింటికీ ఒకే పంచాంగం వస్తుంది. పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో ముహూర్తాల పేజీ తీస్తారు, సేద్యం ఉన్న ఇంట్లో కార్తెలు చూస్తారు, ఊరెళ్లేవాళ్లు వర్జ్యం చూసుకుంటారు. కణాలూ అంతే, ఉన్న జన్యువుల్లో తమకు పనికొచ్చే కొన్నిటినే తెరుస్తాయి. తెరిచిన జన్యువుకు ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది, ఆ నకలును బట్టి ప్రొటీన్ తయారవుతుంది. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటున్నాం. కొన్ని ప్రొటీన్ల ఉద్యోగమే వేరే జన్యువులను తెరవడం, మూయడం. వాటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. గుండె కథలో పెద్ద పాత్రధారులు చాలామంది ఈ జాతివాళ్లే.

ఏ జన్యువు ఎక్కడ వ్యక్తమవుతోందో కంటితో చూసే పద్ధతి ఒకటుంది. ఇన్ సిటు హైబ్రిడైజేషన్ అంటారు. ఆ జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏకు సరిగ్గా జతపడే ఆర్‌ఎన్‌ఏ ముక్కను ముందు తయారుచేస్తారు. పిండాన్ని స్థిరపరిచి ఆ ద్రావణంలో ఉంచుతారు. అతుక్కోని ముక్కలు పోయేలా కడిగేసి, చివర్లో రంగు తేల్చే రసాయనం పోస్తారు. ఆ జన్యువు పనిచేస్తున్న చోట మాత్రం ముదురు ఊదారంగు మరకలా తేలుతుంది. గుండె ఇంకా ఏర్పడకముందే, పిండానికి ఇటో చార, అటో చార ఊదారంగులో కనిపిస్తాయి. రాబోయే గుండె అదే.

ఈ చేపే ఎందుకు

దీని పేరు జీబ్రాఫిష్. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవు, ఒంటి మీద నీలి చారలు. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్న ఈ చేప పుట్టిల్లు మన ఉపఖండమే. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల్లో నిదానంగా పారే వాగుల్లో, వరిమళ్ల నీళ్లలో ఇది తిరుగుతుంది. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద ప్రచురించిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం ఇది ముఖ్యంగా అక్వేరియం తొట్టెల చేపగానే లోకానికి తెలుసు. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్ దీన్ని జన్యుశాస్త్రంలోకి తెచ్చాడు. 1981లో నేచర్ పత్రికలో వచ్చిన ఆయన బృందం వ్యాసం ఈ రంగానికి పునాది. 1984లో ఆయన చనిపోయినా పని ఆగలేదు.

ఈ చేపకున్న సౌకర్యాలు గుండె పరిశోధకుడికి వరాల్లాంటివి. గుడ్డు తల్లి కడుపులో కాక బయట నీళ్లలో ఫలదీకరణం చెందుతుంది. గుడ్డు అడ్డకొలత ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు. పిండం అద్దంలా పారదర్శకం. ఒక్కో ఆడచేప ఒక్క పొద్దున వందకు పైగా గుడ్లు పెట్టగలదు. వీటన్నిటినీ మించిన సౌకర్యం ఇంకొకటుంది. ఈ పిండం చిన్నది గనుక నీళ్లలోని ఆక్సిజన్ చర్మం గుండానే లోపలికి ఇంకుతుంది. గుండె అసలు పనిచేయకపోయినా పిండం కొన్ని రోజులు బతికే ఉంటుంది. ఎలుక పిండంలో గుండె లోపిస్తే పిండమే పోతుంది, ఇక చూడటానికి ఏమీ మిగలదు. చేపలో మాత్రం గుండె ఎక్కడ, ఎలా తప్పిందో తీరిగ్గా కూర్చుని చూడవచ్చు.

గంటల లెక్క

28.5 డిగ్రీల నీళ్లలో పెరిగే పిండానికి గంటల లెక్క దాదాపు ఖాయంగా ఉంటుంది. ఫలదీకరణ జరిగిన అయిదు గంటలకే, పిండం ఇంకా సొన మీద టోపీలా కూర్చున్న దశలో, గుండె కాబోయే కణాలు రెండు పక్కల అంచుల్లో ఉంటాయి. పిండం పొరలుగా సర్దుకునేటప్పుడు అవి మధ్యత్వచం అనే నడిమి పొరలో భాగమై లోపలికి, ముందుకు కదులుతాయి. పన్నెండో గంటకు అటూ ఇటూగా ఎన్‌కేఎక్స్2.5, గాటా కుటుంబం, హ్యాండ్2 వంటి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు ఆ రెండు చారల్లో వ్యక్తమవుతుంటాయి. మరికొన్ని గంటలకు కండర ప్రొటీన్ల జన్యువులు తెరుచుకుంటాయి. అంటే కణాలు తామెవరో ముందు తేల్చుకుని, పనిముట్లు తర్వాత తయారుచేసుకుంటున్నాయి. పద్దెనిమిదో గంట ప్రాంతంలో రెండు పక్కల చారలూ నడిమధ్యకు వచ్చి కలుస్తాయి. ఒకటో రోజు ముగిసేసరికి అవి ఒక సన్నని గొట్టంగా సాగుతాయి. ఆ గొట్టం ఎడమకు ఒరుగుతుంది. రెండో రోజున వంపు తిరిగి కర్ణిక, జఠరిక అనే రెండు గదులుగా కనబడుతుంది. కవాటాలు ఆ తర్వాతి రోజుల్లో ఏర్పడతాయి.

ఎడమకు ఒరగడం కూడా జన్యువుల చలవే. పిండం తోక దగ్గర ద్రవం నిండిన ఒక చిన్న తిత్తి ఉంటుంది. అందులోని శైలికలు ద్రవాన్ని ఒకే దిశగా తిప్పుతాయి. దాని ఫలితంగా సౌత్‌పా అనే జన్యువు పిండానికి ఎడమ పక్కనే వ్యక్తమవుతుంది. ఆ సంకేతం చెడితే గుండెకు తన పక్క ఏదో తెలియదు.

రెండు గుండెలు

1996 డిసెంబరులో డెవలప్‌మెంట్ అనే పత్రిక ఒక సంచిక మొత్తాన్ని ఈ చేపకే కేటాయించింది. జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్ట్ బృందం, అమెరికాలోని బోస్టన్‌లో వోల్ఫ్‌గాంగ్ డ్రీవర్, మార్క్ ఫిష్‌మన్ల బృందాలు ఏళ్ల తరబడి చేసిన పని అందులో అచ్చయింది. మగచేపలకు జన్యువుల్లో మార్పులు తెచ్చే రసాయనం తగిలించి, వాటి సంతానాన్ని రెండు తరాలు పెంచి, ఒకే కుటుంబంలోని తోబుట్టువులను జతకట్టించారు. ఎందుకంటే రెండు నకళ్లుండే జన్యువులో ఒక్క నకలే చెడితే చాలా లోపాలు బయటపడవు. తల్లిదండ్రులిద్దరూ ఒకే లోపాన్ని ఒక్కో నకలుగా మోస్తుంటే, పిల్లల్లో సగటున నాలుగో వంతుకు రెండు నకళ్లూ చెడినవే వస్తాయి. అప్పుడు లోపం కంటికి కనబడుతుంది. అలా బయటపడ్డ వేల మార్పుల్లో గుండెకు సంబంధించినవి చాలా ఉన్నాయి. వాటికి పరిశోధకులు తమ సరదా కొద్దీ పేర్లు పెట్టారు. గుండె లయ తప్పే చేప బ్రేక్‌డాన్స్. గుండె కొట్టుకోని చేప సైలెంట్ హార్ట్.

వాటిలో ఒకదాని దగ్గర కాసేపు ఆగుతాను. దాని పేరు మైల్స్ అపార్ట్. సూక్ష్మదర్శిని కింద పెడితే పిండం మామూలుగానే కనిపిస్తుంది. కళ్లున్నాయి, తోక కదులుతోంది. ఛాతీ వైపు చూస్తే నడిమధ్య ఖాళీ. కుడి పక్క ఒక గుండె, ఎడమ పక్క ఒక గుండె, రెండూ దేనికదే కొట్టుకుంటూ ఉంటాయి. రెండు చారలు మధ్యకు రాలేక ఉన్నచోటే చెరో గుండెగా మారిపోయాయి. గుండె కణాలు తామెవరో మర్చిపోలేదు, కండర ప్రొటీన్లూ చేసుకున్నాయి. నడక ఒక్కటే ఆగింది.

మరి లోపం ఎక్కడుంది? గుండె కణాల్లోనే అని ఎవరికైనా అనిపిస్తుంది. పరిశోధకులు కణాలను అటూ ఇటూ మార్చి చూశారు. లోపమున్న పిండం నుంచి తీసిన గుండె కణాలను మామూలు పిండంలో పెడితే అవి చక్కగా మధ్యకు నడిచాయి. మామూలు కణాలను లోపమున్న పిండంలో పెడితే అవీ నిలిచిపోయాయి. తప్పు నడిచేవాళ్లది కాదు, దారిది. 2000లో డిడియర్ స్టైనియర్ బృందం ఆ జన్యువును గుర్తించింది. స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ అనే కొవ్వు సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువది. ఆ సంకేతాన్ని పంపేదెవరు? టూ ఆఫ్ హార్ట్స్ అనే మరో చేప ఆ ముడి విప్పింది. అందులో చెడింది ఈ కొవ్వు సంకేతాన్ని కణం బయటికి పంపే రవాణా ప్రొటీన్ జన్యువు. అది పనిచేయాల్సిన చోటు గుండె కాదు, సొనను కప్పి ఉండే పొర. ఆ పొరలో ఆ జన్యువును తిరిగి పనిచేయిస్తే రెండు చారలూ మళ్లీ మధ్యకు వచ్చాయి.

ఇదొక్కటే కాదు. గుండె కింద ఉండే అంతస్త్వచం అనే లోపలి పొర లేని కాసనోవా అనే చేపలోనూ రెండు గుండెలే. కణాల చుట్టూ ఉండే ఫైబ్రోనెక్టిన్ ప్రొటీన్ లేని చేపలోనూ గుండె కణాలు సరిగ్గా కలవలేకపోయాయి. వీటిలో ఏ జన్యువునూ గుండె జన్యువు అని ఎవరూ అనరు. అయినా అవి లేకపోతే ఒక్క గుండె లేదు. ఇరుగుపొరుగు కణాల్లో వ్యక్తమయ్యే జన్యువులు గుండెను ఎంతగా నిర్ణయిస్తాయో ఇంతకన్నా గట్టి రుజువు నాకు తెలియదు.

ఆపే చేయి

రెండో సంగతి మోతాదు. జన్యువులు పనులు చేయించడానికే ఉన్నాయనుకుంటాం. ఆపడానికీ ఉన్నాయి. విటమిన్-ఎ నుంచి తయారయ్యే రెటినాయిక్ ఆమ్లం పిండంలో ఒక సంకేతం. దాన్ని తయారుచేసే ఎంజైము జన్యువు చెడితే గుండె కణాలు తగ్గుతాయని మొదట ఎవరైనా ఊహిస్తారు. డెబొరా యెలన్ బృందం 2005లో సైన్స్ పత్రికలో చూపింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆ సంకేతం లేకపోతే గుండె కాబోయే కణాలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువయ్యాయి. రెటినాయిక్ ఆమ్లం గుండెకు గిరి గీస్తోందన్నమాట.

ఈ సంగతి ప్రయోగశాలలోనే ఆగిపోయేది కాదు. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ మందు ఇదే కుటుంబానికి చెందింది. గర్భిణులు దాన్ని వాడితే బిడ్డకు గుండె లోపాలతో సహా తీవ్రమైన అంగలోపాలు రావచ్చని వైద్యులు ఎప్పటినుంచో గట్టిగా హెచ్చరిస్తున్నారు. సంకేతం తగ్గినా ముప్పే, పెరిగినా ముప్పే.

గదులను వేరుచేయడంలోనూ ఈ లెక్క ఉంది. ఎన్‌కేఎక్స్2.5, దాని జంట జన్యువు ఎన్‌కేఎక్స్2.7 రెండూ లేకపోతే జఠరిక కణాలు తమ గుర్తింపు నిలుపుకోలేక కర్ణిక వైపు జారిపోతాయి. ఒకసారి జఠరిక అనిపించుకుంటే సరిపోదు, ఆ జన్యువులు వ్యక్తమవుతూనే ఉండాలి. టీబీఎక్స్5 అనే జన్యువు చెడిన చేపకు గుండె దారంలా సాగిపోతుంది, ఛాతీ రెక్కలు రావు. ఇదే జన్యువు ఒక నకలు చెడిన మనుషుల్లో హోల్ట్-ఓరమ్ సిండ్రోమ్ వస్తుంది. చేతుల ఎముకల్లో లోపం, గుండె గదుల మధ్య గోడలో రంధ్రం. చేపకు రెక్క, మనిషికి చేయి. జన్యువు మాత్రం ఒకటే.

గుండె చప్పుడు వినే జన్యువులు

మూడో సంగతి నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆశ్చర్యపరిచింది. గుండె ఎప్పుడు మొదటిసారి కొట్టుకుంటుంది? హార్వర్డ్ పరిశోధకులు 2023లో నేచర్‌లో ప్రచురించిన పనిలో, కాల్షియం మెరుపును పట్టిచూపే ప్రొటీన్‌తో చేప పిండాలను గంటల తరబడి గమనించారు. ఇరవయ్యో గంట ప్రాంతంలో, అంతదాకా నిశ్శబ్దంగా ఉన్న కణాల గుంపంతా ఉన్నట్టుండి ఒక్కసారిగా స్పందించింది. మొదట్లో చప్పుడు నెమ్మదిగా, లయ లేకుండా ఉంది. కొద్ది గంటల్లో లయ కుదిరింది. ఆ సమయానికి గదులూ లేవు, కవాటాలూ లేవు, పంపాల్సిన రక్తమూ లేదు.

పంపడానికి ఏమీ లేనప్పుడు అంత తొందరగా కొట్టుకోవడం ఎందుకు? ఒక జవాబు 2003లో దొరికింది. కాల్‌టెక్ పరిశోధకులు సన్నని గాజుపూసతో గుండెలోకి వచ్చే దారినో, బయటికి పోయే దారినో మూసేశారు. జన్యువుల్లో ఏ లోపమూ లేదు, రక్త ప్రవాహం ఒక్కటే ఆగింది. గుండె సరిగ్గా వంపు తిరగలేదు, కవాటాలు ఏర్పడలేదు. ప్రవాహం రాపిడి తగిలితే లోపలి గోడ కణాల్లో కేఎల్‌ఎఫ్2ఏ అనే జన్యువు తెరుచుకుంటుందని తర్వాత తేలింది. ముఖ్యంగా రక్తం ముందుకూ వెనక్కూ ఊగే చోట అది బాగా వ్యక్తమవుతుంది. కవాటం కావాల్సింది కూడా సరిగ్గా అక్కడే. అంటే గుండె ఒక పక్క తయారవుతూనే, తన పనితో తన మిగతా భాగాన్ని తానే కట్టుకుంటోంది.

సైలెంట్ హార్ట్ చేపలో చెడింది ట్రోపోనిన్-టి అనే కండర ప్రొటీన్ జన్యువు. మన ఆసుపత్రుల్లో గుండెపోటు అనుమానం వస్తే రక్తంలో చూసే ట్రోపోనిన్లలో అదొకటి. ఈ చేపకు గుండె ఏర్పడుతుంది, గదులు కనబడతాయి, కదలిక ఉండదు. పిల్ల కొన్ని రోజులు తోక ఊపుతూ ఈదుతుంది కూడా.

ఇక్కడ విద్యార్థులకు ఒక జాగ్రత్త. ఒక జన్యువు పనిని తాత్కాలికంగా అడ్డుకునే మార్ఫొలినో పద్ధతి 2000 నుంచి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. తర్వాత జన్యువునే కత్తిరించే క్రిస్పర్ వచ్చింది. రెండు పద్ధతుల ఫలితాలు చాలాసార్లు కలవలేదు. అడ్డుకుంటే లోపం, కత్తిరిస్తే ఏమీ లేదు! రక్తనాళాలకు సంబంధించిన ఒక జన్యువు మీద స్టైనియర్ బృందమే 2015లో దీనికి ఒక కారణం చూపింది. జన్యువు శాశ్వతంగా చెడినప్పుడు దాని చుట్టపు జన్యువులు వ్యక్తీకరణ పెంచి లోటు పూడుస్తున్నాయి. కాబట్టి ఒక జన్యువు తీసేసినా ఏమీ కాలేదంటే ఆ జన్యువుకు పని లేదని తీర్పు చెప్పకూడదు.

మన ఇళ్ల దాకా

చేప గుండెకు రెండే గదులు, మనకు నాలుగు. గదుల మధ్య గోడ చేపకు లేదు కాబట్టి ఆ గోడలో రంధ్రం ఎలా వస్తుందో చేప నేరుగా చెప్పలేదు. అయితే 2013లో ప్రచురించిన ఈ చేప జీనోమ్ ప్రకారం మానవ జన్యువుల్లో సుమారు 70 శాతానికి చేపలో కనీసం ఒక బంధువైనా ఉంది. చేప దగ్గర నేర్చుకున్నది మనకు పనికొస్తుంది, హద్దులు గుర్తుంచుకుంటే.

ప్రతి వెయ్యి జననాల్లో ఎనిమిది నుంచి పది మంది పిల్లలు ఏదో ఒక గుండె లోపంతో పుడతారు. అలాంటి బిడ్డ పుడితే మన ఇళ్లలో మొదట వేలు చూపేది తల్లి వైపే. గ్రహణం నాడు బయటికి వచ్చావు, అది తిన్నావు, ఇది మోశావు అంటారు. మనిషి పిండంలో గుండె మూడు వారాలు దాటగానే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఎనిమిదో వారం చివరికి గుండె ముఖ్య నిర్మాణం దాదాపు పూర్తవుతుంది. గుండె కొట్టుకోవడం మొదలయ్యే ఆ రోజుల్లో తాను గర్భవతినన్న సంగతి చాలామంది ఆడవాళ్లకు ఇంకా తెలిసి కూడా ఉండదు. ఎన్నో కణాలు, ఎన్నో జన్యువులు గంటల లెక్కన కలిసి చేసే పనిలో ఎక్కడో ఒక అడుగు తడబడితే దానికి ఒక మనిషిని బాధ్యురాలిని చేయడం అన్యాయం.

చేయగలిగినవి మాత్రం ఉన్నాయి. మధుమేహం ఉన్నవాళ్లు గర్భం దాల్చకముందే చక్కెర అదుపులోకి తెచ్చుకోవడం, రుబెల్లా టీకా ముందే వేయించుకోవడం, వైద్యుడిని అడగకుండా మందులు వాడకపోవడం. మేనరికం సంగతీ దాచకుండా మాట్లాడుకోవాలి. ట్యూబింగెన్‌లో తోబుట్టు చేపలను జతకట్టించి దాగిన లోపాలను బయటికి తెచ్చిన సూత్రమే, తక్కువ మోతాదులో, దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లలోనూ పనిచేస్తుంది. మేనరికం చేసుకున్న ప్రతి జంటకూ ముప్పు వస్తుందని కాదు. కుటుంబంలో ఇదివరకే ఇలాంటి బిడ్డ ఉంటే జన్యు సలహా తీసుకోవాలి, అయిదో నెలలో టిఫా స్కాన్ తప్పకుండా చేయించుకోవాలి.

విద్యార్థులకు చివరి మాట. రేపు పత్రికలో ఫలానా జబ్బుకు జన్యువు దొరికిందన్న వార్త వస్తే అక్కడితో తృప్తిపడకండి. ఏ కణంలో, ఎప్పుడు, ఎంత, పొరుగున ఎవరున్నారు అని అడగండి. ఇందులో పరిశోధన చేయాలంటే దూరదేశాలే వెళ్లనక్కరలేదు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ ఈ చేప మీద పని జరుగుతోంది.

కళాశాల యాజమాన్యానికి ఒక విన్నపం. కప్పల కోత ఆగిపోయాక మన ల్యాబుల్లో ప్రాణమున్నది చూపించడం తగ్గిపోయింది. ఒక తొట్టె, కొన్ని చేపలు, ఒక మంచి సూక్ష్మదర్శిని ఉంటే, ఏ ప్రాణికీ కత్తి తగలకుండా, గుండె ఎలా ఏర్పడుతుందో పిల్లలు రెండు రోజుల్లో కళ్లారా చూడగలరు. వాటికి కావలసిన నీటి వేడి మన వాతావరణానికి దగ్గరే. మాస్టారి పేరు మీద పోగైన నిధిలో ఈ ఏడాది కొంత దీనికి కేటాయించండి. తొట్టె కొనే ఖర్చులో నా వంతు నేను ఇస్తాను.